సముద్రం రంగు నూలు

కర్నూలుకు బదిలీ అయిన కొత్తలో, ఆత్మకూరు బస్సులో కూర్చుని భీమిలి ప్రయాణం కోసం ఫోన్‌లో అక్కడి సముద్రం ఫొటోలు చూస్తున్నాను. పక్కనున్న పెద్దామె తొంగిచూసింది. మగ్గం నేస్తుందట.

"ఏమప్పా, సముద్రానికి పోతాండావా?" అని సంచిలోంచి నీలం నూలుపోగు తీసి నా చేతిలో పెట్టింది. "సముద్రం రంగు చీర అడిగినారు. నేను సముద్రం చూసిందే లేదు. నీళ్ల పక్కన పెట్టి ఫొటో పంపు," అని తన నంబరు చెప్పింది.

భీమిలిలో మూడు రోజులూ ఆ పోగు పట్టుకుని ఒడ్డునే తిరిగాను. సముద్రం ఏ పూటా ఆ రంగులో లేదు. సాయంత్రం దూరపు కొండలు మాత్రం అచ్చం అలాగే ఉన్నాయి. పోగును ఆ కొండలకెదురుగా పట్టుకుని ఫొటో తీసి, మొహమాటపడుతూనే సంగతి రాసి పంపాను.

వెంటనే ఫోన్ చేసింది. "అయితే దీన్ని కొండరంగని అమ్ముకుంటాలే. సముద్రానికి మళ్లీ రంగేసేటప్పుడు నువ్వు నా పక్కన ఉండాల. చూసొచ్చినోనివి నువ్వే గదా."