మూతకు ఆనించిన చెవి

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మా సెక్షన్ చూసే అక్క అనగానే, పెట్టె మూతకు చెవి ఆనించి ఊపిరి బిగబట్టిన మనిషే గుర్తొస్తుంది. మందుబిళ్లలు తయారుచేసే ఉక్కు అచ్చులను కొలిమిలో కాల్చి చల్లార్చాక, ఆ పెట్టెలో ద్రవ నైట్రోజన్ చలికి ఉంచేవాళ్లం. ఆ చలికి ఉక్కు లోపలి స్ఫటికాల అమరిక మారి ఇంకా గట్టిపడుతుంది. చలి ఒక్కసారిగా తగిలితే మాత్రం పగులుతుంది; ఆ చప్పుడు కోసమే అక్క చెవి ఆనించేది.

ఒకరోజు తొందరలో నేను నైట్రోజన్ వదిలే వాల్వు ఎక్కువ తిప్పాను. లోపల ‘టక్’మంది. అక్క ముఖం పాలిపోయింది. పగిలిన అచ్చు చూసి మేనేజర్ అరిచాడు.

“వాల్వు ఎవరు తిప్పిండ్రు?”

నేను వాల్వుకు దూరంగా జరిగాను.

“నేనే సార్. జెర జల్దీ చేసిన,” అంది అక్క.

ఆయన వెళ్లాక నా వైపు తిరిగింది.

“రేపు గూడ నువ్వే తిప్పాలె. పక్కన నేనుంట.”