మామగారి మంచం మీద బీరపాదు

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలంటారు. పుట్టింట్లో తల్లి లేకపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు పన్నెండో ఏట మా అమ్మ పోయింది. నేను కాపురానికి వచ్చేసరికి అత్తగారూ లేరు. యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో జహీరాబాద్‌లో మా ఇల్లంటే ముగ్గురం: సర్కారు కచేరీలో గుమాస్తాగా ఉన్న మా ఆయన, అదే కచేరీలో మున్షీగా చేసి కొలువు దిగిన మామగారు, కడుపుతో ఉన్న నేను. కాన్పు ఎట్లా గట్టెక్కుతుందన్న ఫికరు ముగ్గురిలో ఒక్కరికే ఉండేది. ఆ ఒక్కరు ఎవరో చెప్పనక్కర్లేదు.

బాలింతకు పథ్యం కావాలి. లేత బీరకాయ కారం లేకుండా వండి పెడితేనే తల్లికి అరుగుతుంది, బిడ్డకు పాలు పడతాయి అని వాడకట్టులో ప్రతి ఆడదీ నాకు చెప్పింది. వండి పెట్టేదెవరో ఒక్కరూ చెప్పలేదు. భాద్రపదంలో నాకు నెలలు నిండుతాయి. ఆ కరువు రోజుల్లో అంగడికి వచ్చే నాలుగు బీరకాయలూ పెద్ద ఆఫీసర్ల ఇళ్లకు పోయేవి. అందుకని మృగశిర కార్తెలో తొలి వాన పడగానే పెరటి గోడ వారగా నేనే గింజలు పెట్టుకున్నాను. తల్లి చేయాల్సిన ఏర్పాటు పిల్ల తనకు తానే చేసుకుంటుంటే, ఇద్దరు మగవాళ్లు అరుగు మీద కూర్చుని జర్మనీ వాడు ఎందాకా వచ్చాడో మాట్లాడుకుంటున్నారు.

మొలకలు వచ్చి తీగ సాగింది. పందిరి కావాలన్నాను. అంతే, ఇంట్లో ఒకేసారి ఇద్దరు ఇంజనీర్లు పుట్టుకొచ్చారు.

మామగారి ఎదుట నేను నోరు విప్పేదాన్ని కాదు. కొంగు తల మీదికి లాక్కుని గోడ చాటున నిలబడి మా ఆయనకు చెబితే, ఆయన అదే మాట నాలుగడుగుల దూరంలో ఉన్న తండ్రికి చెప్పేవాడు. మామగారికి చెవుడేమీ లేదు. మర్యాద ఉండేది.

"వెదురు కొందామా, బాపూ?" అన్నాడు మా ఆయన.

"వెదురా? పిచ్చి లేసిందా నీకు? చేన్లల్ల పత్తికట్టె ఊకెనే దొరుకుతది గద."

ఊరికే దొరికే వస్తువంటే మామగారికి ఉన్నంత భక్తి దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఝరాసంగం నుంచి వచ్చే బండివాణ్ని బతిమాలి మా ఆయన ఒక మోపు పత్తికట్టె దింపించాడు. కచేరీ నుంచి రూళ్లకర్ర తెచ్చి, కొలిచి కొలిచి, మూరకొకటి చొప్పున పాతాడు. వంకర లేదు, వాలు లేదు, చూడముచ్చటగా ఉంది. నిలబడటమొక్కటే ఆ పందిరికి చేతకాలేదు. మూడో రోజు గాలివానకు పుటపుటా విరిగిపోయింది. ఎండిన పత్తికట్టె పొయ్యిలోకి తప్ప ఇంకెందుకూ పనికిరాదని పొయ్యి ముందు కూర్చునేవాళ్లకు తెలుసు. వాళ్లను అడిగేదెవరు?

"కట్టె మంచిదే. గాలే జర ఎక్కువొచ్చింది," అన్నాడు మా ఆయన. ఆ కట్టెతో నాలుగు పూటలు వంట చేశాను. పందిరి వల్ల ఇంటికి కలిగిన మొదటి లాభం అది.

రెండోసారి మామగారు స్వయంగా పూనుకున్నారు. పక్కింటివాళ్లు మునగచెట్టు నరికిస్తుంటే పచ్చి కొమ్మలు మోయించుకొచ్చి గుంజలుగా పాతించారు. అవీ ఊరికే వచ్చినవే. వానాకాలంలో పచ్చి మునగకొమ్మ నేలలో దిగితే వేరు పట్టి చెట్టవుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మున్షీలకు తెలిసి తీరాలన్న కాయిదా ఏదీ లేదు. ఇరవై రోజులకు గుంజలు చిగురించాయి. నా తీగ జానెడు పాకితే గుంజ మూరెడు పెరిగింది.

"చూసినవార, మనింట్ల గుంజలు సుత పండుతయి," అని మామగారు మురిసిపోయారు.

ఆ కబురు వీధిలో మేకలకు కూడా అందినట్టుంది. ఒక మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి లేచేసరికి నాలుగు మేకలు వెనక కాళ్ల మీద లేచి మునగ చిగుళ్లు భోంచేస్తున్నాయి. గుంజలు ఒరిగి, తీగంతా బురదలో పడింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలూ ఉంది, చూలూ ఉంది, ఏడో నెల కూడా వచ్చింది. పందిరే లేదు.

ఆ సాయంత్రం పొయ్యి ముట్టించలేదు.

"పందిరీ వద్దు, పథ్యమూ వద్దు. తల్లి లేని దానికి ఏదుంటె ఏంది, ఏది లేకుంటె ఏంది?" అన్నాను మా ఆయనతో, అరుగు దాకా వినబడేట్టు.

మామగారు లేచి, తన నులక మంచం మీది బొంత చుట్ట తీసి పక్కన పెట్టి, మంచాన్ని పెరట్లోకి ఈడ్చుకుపోయి గోడకు నిలువుగా ఆనించారు. కాళ్లకు రాళ్లు అడ్డం వేశారు. బురదలోంచి తీగ కొసలు ఒక్కొక్కటే ఎత్తి, తుడిచి, నులక కన్నాల్లోకి దూర్చారు.

"గిదీ పందిరంటే. గుంజల పని లేదు, తాళ్ల పని లేదు," అన్నారు కొడుకుతో.

మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మంచమే. ఆనాటి నుంచి ఆయన షాబాదు బండల మీద చాప వేసుకున్నారు. పొద్దున గోడ పట్టుకుని లేస్తూ, నేల మీద పండుకుంటే నడుముకు మంచిదని మాకు చెప్పేవారు. నాకు నవ్వు వచ్చేది. కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

అంత మంచి పందిరి ఊళ్లో ఇంకొకటి లేదు. నులకంతా తీగ అల్లుకుపోయి, పసుపు పూలు పూసి, పిందెలు దిగాయి. వేలు చూపితే పిందె రాలుతుందని మామగారు వేలు మడిచి లెక్కపెట్టేవారు. ఆయన మంచం, ఆయన నడుము. ఇంటికి వచ్చినవాళ్లకు పెరడు చూపించి గొప్పలు పోయింది మాత్రం మా ఆయన.

ఇంత తెలివైన ముగ్గురిలో ఒక్కరికీ తట్టని సంగతి ఒకటుంది. బాలింతకు పథ్యం ఎంత అవసరమో మంచమూ అంతే అవసరం. మంచం మీద పడుకోబెట్టి, కింద నిప్పుల కుంపటి పెట్టి వెచ్చగా చూసుకోకపోతే చలి పట్టి సన్ని జ్వరం కొడుతుందని అందరికీ భయం. అట్లా ప్రాణం పోయిన వాళ్లను నేనే ఎరుగుదును.

నొప్పులు పది రోజుల ముందే వచ్చాయి. పొద్దెక్కేసరికి మంత్రసాని వచ్చింది. బీదరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ముసలామె. గది నాలుగు మూలలూ చూసి అడిగింది: "మంచమేది? బాలింతను బండల మీద పండవెడ్తరా?"

బయటి నుంచి మా ఆయన అన్నాడు: "కొడవలి దెస్త. తీగె కోసి మంచం దింపుత."

"తీగె మీద చెయ్యేసిన్రంటె మంచిగుండది!" అని లోపలి నుంచి అరిచాను. ఏడాదిన్నర కాపురంలో మామగారు నా గొంతు అంత నేరుగా వినడం అదే మొదలు. మంత్రసాని కూడా ఉలిక్కిపడింది.

"ఇనబడ్డదార? కొడవలి ఆడ వెట్టు. ఇటుకలు దే," అన్నారు మామగారు.

తర్వాత వీధి వైపు గడ్డపార చప్పుడు. ఇల్లు కూలగొడుతున్నారేమో అనుకున్నాను. దాదాపు అదే పని. వీధి తలుపు రెక్కలు రెండూ ఊడబెరికి, గది గుమ్మం దాకా మోసుకొచ్చారు. మంత్రసాని వాటిని ఇటుకల మీద పరిచి, గొంగడి వేసి, పక్కన కుంపటి పెట్టింది.

"తలుపు లేకుంటె కుక్కలు జొరవడ్తయి గద, మున్షీ సాబ్?" అంది.

"నేను లేనా?" అన్నారాయన.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

పురుడు పదకొండు రోజులూ మామగారు వీధి గడప మీదే ఉన్నారు. ఒళ్లో కర్ర, వాన పడితే నెత్తిన గోనెసంచి. తలుపు అమ్ముకున్నవా అని దారిన పోయేవాళ్లు వేళాకోళమాడితే, "మా మనుమరాలు పండుకున్నది దాని మీద," అనేవారు. రోజూ పొద్దున పెరట్లోంచి ఒక లేత బీరకాయ కోసుకొచ్చి కొడుకు చేతికిచ్చి, మళ్లీ గడప మీదికి వెళ్లేవారు. మా ఆయన వండేవాడు. ఆ కూర గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. అయినా పాలు పడ్డాయి. చలి పట్టలేదు.

పన్నెండో నాడు వడ్లాయన వచ్చి తలుపు మళ్లీ బిగించాడు. మామగారు కర్ర ఊతంగా గడప మీది నుంచి లేచి, నడుం పట్టుకుని, అరుగు మీదికి నడిచారు. పదకొండు రోజులుగా గడప మీద కాపలా ఉన్న ఆ వీపు కనబడకుండా తలుపు మూసుకుంది. మా అమ్మ పోయిన రోజు కూడా నేను అంతగా ఏడవలేదు. ఎందుకో అర్థం కాక మా ఆయన మంత్రసాని కోసం పరుగెత్తాడు.