మంచినీళ్ల గిన్నె

ప్లనేరియా అనే పురుగును నాకు మొదట చూపించింది, తర్వాత నా పరిశోధనకు గైడైన సారే. పెనుకొండ కొండ కింద ఊటనీళ్లలో రాళ్లు తిరగేసి, వేలిగోరంత కూడా లేని గోధుమరంగు పురుగును అరచేతిలో పెట్టినాడు. "దీన్ని రెండు ముక్కలు చేసినా రెండూ బతుకుతాయమ్మా. కానీ నీళ్లలో విషముంటే ఓర్చుకోలేదు," అన్నాడు. నేను పరిశోధనలో చేరింది ఆ మాట విని.

మాది ధర్మవరం, మగ్గం ఇల్లు. మా పట్టుకు రంగులద్దే షెడ్డు కాలువలోకి నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు క్యాన్‌లో పట్టి హిందూపురం ల్యాబుకు తెచ్చినాను. కొన్ని గిన్నెల్లో రంగునీళ్లు కలిపి, కొన్నింట్లో ఊటనీళ్లే పోసి పురుగులు వేసినాను. ఊటనీళ్లలోవి హాయిగా పాకినాయి. రంగునీళ్లలోవి ముడుచుకుని, తల అంచులు కరిగి, వారం లోపలే చచ్చిపోయినాయి. అన్నీ రాసి, ఫోటోలు తీసి సారుకిచ్చినాను. "మంచి పని చేసినావు," అన్నాడు.

కాలువ కింది రైతులు గొడవ చేస్తే ధర్మవరంలో మీటింగ్ పెట్టినారు. షెడ్డు వాళ్లు సారును పిలిపించినారు. నాయన పక్కన నేనూ కూర్చున్నా. తెర మీద పాకుతున్న పురుగుల ఫోటో వేసి, "షెడ్డు నీళ్లలో ఇవి నిక్షేపంగా ఉండాయి," అన్నాడు సారు.

అది నేను తీసిన ఫోటో. ఊటనీళ్ల గిన్నెది. గిన్నెకు నేనంటించిన చీటీ కనపడకుండా ఫోటో అంచు కత్తిరించేసినారు.

లేచి నిలబడినాను. "సార్, అది మంచినీళ్ల గిన్నె."

"పాప ఇంకా నేర్చుకుంటాండాది," అని నవ్వినాడు. నలుగురూ నవ్వినారు. నాయన నా చెయ్యి పట్టి లాగి, "కూర్చోమ్మా," అన్నాడు.

మరుసటి రోజు అడిగితే సారు, షెడ్డు నీళ్లు మంచివేనని రాసిన రిపోర్టు నా ముందుకు తోసి, "నీ పేరు కూడా వేసినాను చూడు," అన్నాడు. ఆయన పేరు కిందనే నాది. నా పేరు తీసేయమని కాగితం రాసిచ్చినాను. నా నోటుబుక్కు పేజీలు జిరాక్సు తీసి రైతులకిచ్చి, ల్యాబు వదిలేసినాను.

షెడ్డు ఇంకా నడుస్తాంది. నేను పెనుకొండలో బడిపిల్లలకు సైన్సు చెబుతాండా. రైతులు ఆ జిరాక్సులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతానే ఉండారు.

మొన్న అన్నం తింటా నాయన అన్నాడు: "ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసమ్మా. మన పట్టుకు రంగేసేది వాళ్లే కదా."

సారు చేసిందానికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తెలిసే కూర్చోమన్నాడు.