అవ్వ పేరు మీద వచ్చిన చీటీ

ఈ మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, రేణిగుంటలో మా ఇంటి అరుగు మీద అవ్వ పక్కన ఒక నర్సమ్మ కూర్చుని ఉంది. నాయన పనిచేసే ఫ్యాక్టరీ ఆసుపత్రి నుంచి అవ్వ పేరు మీద చీటీ తెచ్చింది.

పోయిన నెల అక్కడ, ఇన్సూరెన్సు కార్డులో పేరున్న పెద్ద వయసు ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలు చేశారు. నాయన కార్డులో అవ్వ పేరుంది. గడ్డ ఉన్నది మాత్రం ఆమె చెల్లెలికి, నగరిలో మగ్గం నేసే మా చిన్నవ్వకు. ఆమెకు ఏ కార్డూ లేదు. అందుకని అవ్వ తన బదులు చెల్లెల్ని పంపింది. వెంట వెళ్లి, ఫారంలో అవ్వ పేరును గుండ్రటి అక్షరాలతో రాసింది నేనే.

"ఈ వారంలోనే మద్రాసుకు పోవల్లమ్మా, ఆపరేషన్ సెయ్యాల. ఏదీ, గడ్డ యాడుండాది? ఎంత పెరిగిందో సూస్తా," అంది నర్సమ్మ.

అవ్వ పైట బిగించి పట్టుకుంది.

"ఈడొద్దులేమ్మా, మగోళ్లు తిరిగే వీధి."

"సరే, రేపు పొద్దున డాక్టరమ్మనే పిల్చుకొస్తా. ఇంట్లోనే ఉండు," అని నర్సమ్మ వెళ్లిపోయింది.

నిజం చెబితే చిన్నవ్వ వైద్యం ఆగిపోతుంది. చెప్పకపోతే రేపు అవ్వ ఒంట్లో లేని గడ్డను వెతుకుతారు. రేపు ఆ డాక్టరమ్మతో మాట్లాడాల్సింది, ఫారంలో ఆ పేరు రాసిన నేనే. మీరైతే ఏమంటారు?