చెవులాయనకు వినిపించిన కూత

మధ్యాహ్నం రెండు దాటింది. మబ్బు పట్టి ఒకటే ఉక్క. పొద్దున్నుంచీ లారీలోంచి మూటలు దించి, ఆకలికి కళ్లు తిరుగుతుంటే అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే బావ ఎదురయ్యాడు.

"వచ్చావా? ముందు ఈ పెట్టె మేడ మీదికి చేర్చు."

"తిన్నాక మోస్తాలే బావా."

"అన్నం ఎక్కడికీ పారిపోదు."

"అన్నం పోదు, వాడే పారిపోతాడు నీ పెట్టెలు మోయలేక," అని వంటింట్లోంచి అక్క అంది.

మా బావ రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేవాడు. అక్కడ పుస్తకాలు చదివించి రికార్డు చేస్తారు. సరుకు బయటికి పోయేముందు ఆఖరున వినేది ఆయనే. ఆయన తల ఊపితేనే పని అయినట్టు. అందరూ చెవులాయన అనేవారు. పక్కింటి ఫ్యాను పాడవబోతోందని తన మంచమ్మీద పడుకునే చెప్పిన మనిషి. ఆ చెవులే ఆయన కూడు, ఆయన పరువు.

అలాంటి మనిషికి కొంతకాలంగా హెడ్‌ఫోన్లలో సన్నగా ఒక కూత వినిపిస్తోంది. ఇంకెవరికీ వినబడదు. కూత ఉందంటూ ఈయన ప్రతిదీ వెనక్కి పంపుతుంటే ఓనరుకు విసుగొచ్చింది. నెలాఖరులోగా అదేంటో తేల్చకపోతే ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెడతానన్నాడు.

ఇక బావకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. ముందు ఖరీదైన హెడ్‌ఫోన్లు తెచ్చాడు. మేడ మీద ఆయన కంప్యూటర్ పక్కన ఇంటర్‌ఫేస్ అని చిన్న డబ్బా ఉంటుంది, దానికి వీటిని మోగించే సత్తువ లేదు. నిండు బండిని ఒక్కడే తోసినట్టుంది. అందుకని యాంప్లిఫయర్ వచ్చింది. దాని తీగ డబ్బా వెనకవైపు గుచ్చాలి. కంగారులో ముందున్న హెడ్‌ఫోన్ల కన్నంలో గుచ్చి, బుస్సుమంటోందని యాంప్లిఫయర్‌ని తిట్టాడు. ఆనక నెత్తి కొట్టుకుని మార్చాడు. బుస పోయింది. కూత పోలేదు.

ఆవేళ నేను మోసిన పెట్టెలో ఉన్నది కన్వర్టర్. కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్నదాన్ని మనం వినే శబ్దంగా మార్చేది అదేనట. తప్పంతా ఆ మార్చడంలోనే ఉందని బావ పట్టు.

తీగలన్నీ కలిపి, హెడ్‌ఫోన్లు నా తలకి తగిలించాడు.

"ఏమన్నా వస్తోందా?"

"ఏం లేదు బావా. హాయిగా నిద్రొస్తోంది."

"నీకు మూటలు తప్ప ఏం తెలుసురా!" అని లాక్కున్నాడు.

కళ్లు మూసుకుని విన్నాడు. తీగ తీశాడు, పెట్టాడు. లేచి కిటికీ వేశాడు. మళ్లీ కూర్చున్నాడు. అక్క ఇస్త్రీపెట్టె పట్టుకుని వచ్చింది. ఆయన ఈ లోకంలో లేడు. గోడకున్న ప్లగ్గు పీకి తనది పెట్టుకుంది. డబ్బాల మీది దీపాలన్నీ ఆరిపోయాయి.

బావ కళ్లు తెరవలేదు. వేలు పైకెత్తాడు.

"అదిగో... ఇప్పుడు ఇంకా బాగా వినిపిస్తోంది."

అక్క చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది. నేను అక్క మొహం చూశాను. కాసేపటికి ఆయనే కళ్లు తెరిచాడు. ఆరిన దీపాల్ని చూశాడు, తర్వాత ప్లగ్గుని చూశాడు.

"డాక్టరుకి చూపిద్దామయ్యా," అంది అక్క మెల్లగా.

"ముందు వాడికి అన్నం పెట్టు."

డాక్టరు దగ్గరికీ వెళ్లాడు. చెవిలో నరం అరిగిందని, ఆ కూత బయటిది కాదని, పోయేది కూడా కాదని చెప్పారు. ఆ రాత్రే కాదు, ఆ వారమంతా మేడ మీద అడుగుల చప్పుడు ఆగలేదని అక్క చెప్పింది.

నెలాఖరున పెట్టెలన్నీ నాచేత స్టూడియోకి మోయించాడు. తన సీటు దగ్గర ఒక్కొక్కటీ తనే అమర్చాడు. వెనక గుచ్చాల్సింది వెనకే గుచ్చాడు. పక్క సీట్లో పనిచేసే ఆవిడను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాడు.

"ఏమన్నా వస్తోందామ్మా?"

"లేదండీ. శుభ్రంగా ఉంది. ఇంత బాగా ఎప్పుడూ వినలేదు."

"మీవన్నీ ఎందుకండీ ఇక్కడ పెట్టారు?" అని అటు వచ్చిన ఓనరు అడిగాడు.

ఆవిడ వింటూ వింటూ తల ఊపింది. బావ ఆ తలవైపే కాసేపు చూసి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.