ముందే చెప్పేసిన సాక్ష్యం

ఇబ్రహీంపట్నంలోని ఆ చిన్న చర్చిలో ఆరాధన మధ్యలో పాస్టరుగారు "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి" అంటారు. ఆ వారం మేలు పొందినవాళ్ళు లేచి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గినా చెబుతారు, తప్పిపోయిన మేక ఇంటికొచ్చినా చెబుతారు. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అంటుంది. ఎలిజబెత్ మాత్రం కొన్నేళ్ళుగా ఆ వేళకి తలొంచుకుని కూర్చుంటోంది. ఆమె అడుగుతున్నది ఒక్కటే, కూతురు దీవెనకి ఒక ఉద్యోగం. అదొక్కటీ రావడం లేదు.

బి.కాం. పాసయ్యాక దీవెన ఎక్కని మెట్టు లేదు. దసరా సీజన్లో బట్టల షాపులో బిల్లింగు, ఎవరో టీచరమ్మ కాన్పుకి వెళితే తిరిగొచ్చేదాకా ఆవిడ క్లాసు, మధ్యలో ఏదో సర్వే. అన్నీ నాలుగు రోజుల ముచ్చటే. అనుభవం లేదు కదమ్మా అని కొందరు, పెళ్ళయితే మానేస్తారని కొందరు. మిగతావాళ్ళు ఫోనెత్తడమే మానేశారు. అద్దం ముందు నిలబడితే తనని తనే ఇంటర్వ్యూ చేసి పంపించేస్తున్నట్టుండేది పాపం ఆ పిల్లకి. తండ్రి పోయిన ఇల్లు. తల్లి ఆసుపత్రిలో ఆయా. ఆమె మోకాళ్ళు ఇక మంచాల కింద వంగనంటున్నాయి.

అలాంటప్పుడు ఆటోనగర్లో లారీ స్పేర్‌పార్ట్స్ షాపులో ఇంటర్వ్యూ తగిలింది. యజమాని రామకోటేశ్వరరావుగారు అన్నీ అడిగి, "సరేనమ్మా, కబురు చేస్తాం" అన్నాడు. నవ్వుతూ అన్నాడని దీవెన ఇంటికొచ్చి చెప్పింది. ఆ నవ్వు సంగతి చెప్పడమే తప్పయింది.

ఆ ఆదివారం పాస్టరుగారు అడిగీ అడగ్గానే ఎలిజబెత్ చీరకొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"ఆటోనగర్లో రామకోటేశ్వరరావుగారని ఉన్నారండీ. ఆయన షాపులో మా దీవెనకి ఉద్యోగం ఇచ్చాడు ప్రభువు."

దీవెన పక్కనుంచి తల్లి కొంగు పట్టుకుని లాగింది. అప్పటికే చప్పట్లు మోగిపోతున్నాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు సంఘ పెద్ద ఆమోసు, థర్మల్ ప్లాంటు బూడిద మోసే టిప్పరు తోలే మనిషి. పాస్టరుగారు అక్కడికక్కడే కళ్ళు మూసుకుని, ఆ రామకోటేశ్వరరావుగారి వ్యాపారాన్ని దీవించు తండ్రీ అని ప్రార్థన కూడా చేసేశారు.

ఇంటికి రాగానే దీవెన విరుచుకుపడింది. "ఇంకా రాలేదు కదమ్మా! అందరి ముందూ ఎందుకు చెప్పావు?"

"రాకముందే స్తోత్రం చెల్లించాలే. విశ్వాసమంటే అదే."

విశ్వాసానికేం, బాగానే ఉంటుంది. సోమవారం ఫోను చేసింది మాత్రం దీవెన. "వేరే అతన్ని తీసుకున్నామండీ" అన్నారు అవతల. ఆ మాట చెబితే ఎలిజబెత్ స్టవ్ ఆపేసింది. తర్వాత టిఫిను బాక్సు తీసి కడిగింది.

"పొద్దున్నే బయల్దేరు."

"ఎక్కడికి?"

"ఆటోనగర్‌కే. అక్కడ ఆ ఒక్క షాపే ఉందా?"

చుట్టుపక్కలంతా చర్చివాళ్ళే. పొద్దున్నే పనికి వెళ్ళని పిల్ల ఎవరి కంట్లోనైనా పడుతుంది. అందుకని దీవెన రోజూ నీటుగా తయారై, బాక్సు పట్టుకుని, లేని ఉద్యోగానికి బయల్దేరేది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కావడం ఒక్కటే ఆ రోజుల్లో ఆమెకి కలిసొచ్చింది. ఆటోనగర్లో దిగి, సుత్తి దెబ్బల మధ్య, ఆయిల్ మరకల మధ్య షాపు తర్వాత షాపు ఎక్కి దిగేది. "కొనడానికొచ్చారా?" అని ఎదురొచ్చిన ముఖాలు, పని కోసమనేసరికి తిరిగిపోయేవి. మధ్యాహ్నం ఏ మూసేసిన షెడ్డు అరుగు మీదో కూర్చుని తినేది. కొన్నిసార్లు బాక్సు మూసేసి ఏడ్చేది కూడా. చూసేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చేది.

ఆదివారాలు ఇంకా ఘోరం. ఆరాధన అయ్యాక పక్క వీధి రావమ్మ పరిగెత్తుకొచ్చి కొడుకు బయోడేటా చేతిలో పెట్టింది.

"మీ సారుకి ఒక మాట చెప్పమ్మా. నువ్వు చెబితే వింటాడు."

దీవెనకి వద్దనాలనే ఉంది. అయినా తీసుకుంది. తీసుకోకపోతే ఏం చెప్పాలి?

ఇంటికెళ్ళాక తల్లి వైపు తిరిగి అంది. "దేవుడు ఇవ్వలేదమ్మా. నువ్విచ్చావు ఈ ఉద్యోగం. నువ్వే మాన్పించు." ఆ రాత్రి ఎలిజబెత్ అన్నం తినలేదు.

ఒకరోజు దీవెన ఆ స్పేర్‌పార్ట్స్ షాపు ముందు నుంచే వెళ్తూ టక్కున ఆగిపోయింది. కౌంటరు దగ్గర ఆమోసు! బ్రేకు లైనర్లు కొనడానికొచ్చాడు. చర్చి అమ్మాయి ఉంది కదా, కాస్త తగ్గించి ఇప్పిస్తుందని అంత దూరం వచ్చినట్టున్నాడు. నవ్వుతూ లోపలికి తొంగి చూస్తున్నాడు. రామకోటేశ్వరరావుగారు ఏదో చెబుతున్నాడు.

దీవెన ఆగి ఉన్న లారీ వెనక్కి వెళ్ళి నిలబడింది. అయిపోయింది. ఆదివారానికల్లా సంఘమంతా తెలుస్తుంది. అమ్మ ఇక చర్చి గుమ్మం ఎక్కలేకపోతుంది. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడిన ఎలిజబెత్ అంటారు. ఆ లారీ టైరుకే ఆనుకుంది. ఇంటికి వెళ్ళాలని కూడా అనిపించలేదు. దారిలో నది మీది బారేజీ దగ్గర బస్సు దిగిపోతే ఎలా ఉంటుందన్న ఆలోచన ఒకటి వచ్చింది. అంత సులువుగా వచ్చినందుకు హడలిపోయింది.

ఫోను మోగింది. షాపు నెంబరే. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. తిట్టడానికే అయితే తిట్టించుకుందామని రోడ్డు దాటి లోపలికి వెళ్ళింది. ఆమోసు అప్పటికే వెళ్ళిపోయాడు.

"నువ్వేనా దీవెన?" రామకోటేశ్వరరావుగారు కళ్ళజోడు తీశాడు. "నేనివ్వని ఉద్యోగానికి మీ చర్చిలో నా పేరు చెప్పి దండాలు పెట్టారంటగా?"

"మా అమ్మ... తప్పయిపోయిందండీ."

"వారం వారం నా షాపు కోసం ప్రార్థన చేస్తున్నారంట. ఇందాక వచ్చినాయన చెప్పాడు. మా ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యరమ్మా నాకోసం." కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ అమ్మాయి ఇక్కడ పని చెయ్యడం లేదని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. గోడౌన్లో ఉంది, ఇప్పుడు పిలవడం కుదరదన్నాను. ఈ వయసులో నా చేత అబద్ధమాడించారు మీరు."

దీవెన రెండు చేతులూ జోడించింది.

"చెయ్యని పనికి దండాలు తీసుకోవడం నాకు పడదు. గోడౌన్లో సరుకు చూసుకునే మనిషి ఎలాగూ కావాలి. రేపట్నించి వచ్చెయ్. పర్మనెంటే."

సాయంత్రం ఎలిజబెత్ కుళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉండగా దీవెన చెప్పింది. ఎలిజబెత్ బిందె వదిలేసింది.

"నిజంగానా?"

"నిజంగానే అమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఎలిజబెత్ ఆ తడి నేల మీదే కూలబడి భోరుమంది. "నేను నమ్మలేదే. ఆ రోజు కూడా నమ్మలేదు. లేచి చెప్పకపోతే ఇంక ప్రార్థన చెయ్యడం నా వల్ల కాదనిపించింది. అందుకే చెప్పాను." దీవెన పక్కన కూర్చుని తల్లిని పట్టుకుంది. నీళ్ళు పొర్లిపోతున్నా ఇద్దరిలో ఎవరూ కుళాయి కట్టలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. ఎలిజబెత్ సగం లేచి, మళ్ళీ కూర్చుంది. చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది, చప్పట్లు కూడా అయిపోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే రావమ్మ కంగారుపడి భుజం తట్టింది.

"ఎందుకేడుస్తావు ఎలిజబెత్తూ? మీ పిల్లకి ఉద్యోగం వచ్చింది కదా!"

"వచ్చిందమ్మా" అంది ఎలిజబెత్. "వచ్చింది."