ఓడినవాడి వైపు తిరిగి

“గెలిచినవాడికి తీర్పులో ఒక్క ముక్క వినపడితే చాలురా. మొత్తం వినాల్సింది ఓడినవాడే. అందుకే జడ్జమ్మ నావైపు తిరిగి చెప్పింది,” అన్నాడు వడ్రంగి, చెక్కకు చిత్రిక పడుతూనే.

ఉమ్మడి గోడ తనదేనని తమ్ముడి మీద వేసిన దావాలో ఆయన ఓడిపోయాడు. కేసు నడిచినన్నాళ్లూ అన్నదమ్ములకు మాటల్లేవు.

“ఏం చెప్పింది మామయ్యా?” అన్నాడు మేనల్లుడు.

“నా మాటల్లో ఏది నిలబడిందో, ఏది ఎందుకు నిలబడలేదో నాకర్థమయ్యేలా చెప్పింది. మధ్యలో మా లాయరు లేస్తే, ‘ఆయన్ని విననివ్వండి’ అని కూర్చోబెట్టింది. ఇక కోపం తెచ్చుకుందామన్నా సందు దొరకలేదురా!”

చిత్రిక పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

“ఆ గోడకి తమ్ముడు తలుపు పెట్టిస్తాడట. వెళ్లి మీ చిన్న మామయ్యతో చెప్పు. ఇంకో వడ్రంగిని పిలిచాడో, మళ్ళీ కోర్టుకెక్కుతానను.”